అలెప్పీ హౌస్‌బోట్‌లో పగటి విహారం చాలదా, రాత్రి బస కూడా కావాలా?

చిన్నకెరటం:
అందరికీ నమస్కారం. వచ్చే జనవరిలో అమ్మానాన్నలతో, నా భార్యతో, ఆరేళ్ళ పాపతో కలిసి కేరళ వెళ్తున్నాము. మున్నార్ చూసుకొని అక్కడి నుంచి అలెప్పీ దిగుతాము. అక్కడ హౌస్‌బోట్‌ను పగటిపూటకు మాత్రమే మాట్లాడుకోవాలా, రాత్రి కూడా అందులోనే ఉండాలా అన్నది తేలడం లేదు. రెండింటి ధరలకూ తేడా బాగానే ఉంది. అమ్మకు మోకాళ్ళ నొప్పులున్నాయి. నాన్నగారు రాత్రిపూట రెండు మూడు సార్లు లేవవలసి వస్తుంది. వెళ్ళివచ్చినవారు కారణాలతో సహా చెబితే మేలు చేసినవారవుతారు.

లెక్కలమాస్టారు:
పగటి విహారం చాలు. కారణం కూడా చెబుతాను. రాత్రి బస ఉన్న పడవ ఎక్కేవారిని మధ్యాహ్నం 12 గంటల ప్రాంతంలో ఎక్కించుకొని, మరునాడు ఉదయం 9 గంటలకు దింపుతారు. 21 గంటలనేసరికి ఎవరికైనా ఆశ పుడుతుంది. అయితే సాయంత్రం అయిదున్నర అయ్యేసరికి పడవను ఒడ్డుకు కట్టేస్తారు, ఎందుకంటే ఆ తరువాత ఆ నీళ్ళలో జాలరులు వలలు వేసుకుంటారు. మధ్యాహ్నం భోజనానికి ఒక గంట ఎలాగూ ఆపుతారు. పొద్దున ఫలహారం వేళకు ఒక చిన్న చుట్టు తిప్పి రేవుకు చేరుస్తారు. మొత్తం కలిపి చూస్తే పడవ కదిలేది అయిదు గంటలకు కాస్త అటూ ఇటూ. పగటి విహారం పదకొండింటికి మొదలై సాయంత్రం అయిదింటికి ముగుస్తుంది, అందులోనూ కదిలేది దాదాపు అంతే. అలాంటప్పుడు కదలని పడవలో పడుకోవడానికి అంత అదనపు సొమ్ము ఎందుకు పెట్టాలి?

మేము వెళ్ళినప్పుడు మా పడవను వరుసగా కట్టిన పడవల మధ్యలో ఇరికించారు. గది కిటికీ తెరిస్తే, చెయ్యి చాపితే తగిలేటంత దగ్గరలో పక్క పడవవాళ్ళ కిటికీ ఉంది. మా నేస్తాలు గుర్రపు డెక్క, జనరేటర్ మోత, డీజిల్ వాసన, అంతే. ఏసీ రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకే వేస్తారన్న సంగతి కూడా ఎక్కిన తరువాతే చెప్పారు.

పొగమంచు:
ఏసీ సంగతి నిజమే. చాలా పడవల్లో పగలంతా ఏసీ కావాలంటే వేరే తరగతి మాట్లాడుకోవాలి. ముందే అడగండి.

వరిచేను:
మాస్టారు గారు చెప్పిన గంటల లెక్కలో తప్పు లేదు. నాకు ఒప్పుదల కానిది, పడవ కదిలినంతసేపే విహారమన్న ఆయన అభిప్రాయం. అలెప్పీ చుట్టూ ఉన్న కుట్టనాడు ప్రాంతంలో పొలాలు సముద్రమట్టానికి దిగువన ఉంటాయి. పడవ డెక్ మీద కూర్చుంటే కాలువ నీరు ఎత్తున, గట్టు అవతల పొలం పల్లంలో కనిపిస్తుంది. మన ఊళ్ళలో కాలువ గట్టు మీద నిలబడి చేను చూడడం మనకు కొత్త కాదు, కానీ నీటి మీద కూర్చొని చేను లోపలికి తొంగి చూడడం ఇక్కడే సాధ్యం. జనవరిలో పుంజ అనే వరి పంట పచ్చగా ఉంటుంది. ఈ దృశ్యం నిలకడగా మనసుకెక్కాలంటే పడవ ఆగాలి, ఇంజను కట్టెయ్యాలి, ఎండ తగ్గాలి. పగటి విహారం సాగేది సరిగ్గా ఎండ నెత్తిన ఉండే వేళల్లో, అన్ని పడవలూ ఒకే దారిన తిరిగే వేళల్లో.

తెల్లవారుజామున నేను డెక్ మీదికి వచ్చేసరికి సన్నని చెక్కపడవలో ఒకే ఒక్క మనిషి రాత్రి వేసిన వలను మూరమూరకూ పైకి లాగుతూ, చిక్కిన చేపను విదిలించి పడవ అడుగున వేసి, ఖాళీ వలను మళ్ళీ నీళ్ళలోకి జారవిడుస్తున్నాడు. మా పాప లేచి అరగంట సేపు కదలకుండా చూసింది. పడవ కదలకపోవడం వల్లే ఆ అరగంట మాకు దక్కింది.

లెక్కలమాస్టారు:
జాలరిని చూడాలంటే ఒడ్డున ఏ చిన్న బసలో దిగినా పొద్దున్నే లేచి చూడవచ్చు. దానికి పడవ గది అద్దె కట్టనవసరం లేదు. అడిగినవారు ధరల తేడా సంగతి స్పష్టంగా రాశారు, దానికి ఎవరూ జవాబు చెప్పడం లేదు.

గోదారిగట్టు:
ధర సంగతి తరువాత. పెద్దవాళ్ళతో, చిన్నపిల్లతో రాత్రిపూట నీటి మీద ఉండడమే మంచిది కాదని నా ఉద్దేశం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగినప్పుడు నేను రాజమహేంద్రవరంలో ఉన్నాను. తమవారి కబురు కోసం రోజుల తరబడి ఎదురుచూసిన కుటుంబాలను కళ్ళారా చూశాను. ఆ పడవను అక్టోబరు 22న గానీ బయటికి తీయలేకపోయారు. అది చూసినవాడు పడవలో నిశ్చింతగా నిద్రపోలేడు. పగలైతే కనీసం ఎవరైనా చూస్తారు, ఎవరైనా చెయ్యి అందిస్తారు.

వరిచేను:
మీరు పడిన బాధను గౌరవిస్తూనే ఒక మాట చెప్పాలి. కచ్చులూరు ప్రమాదం జరిగింది పట్టపగలు, మధ్యాహ్నం వేళ. గోదావరి వరద మీదుంది, సుడులు తిరిగే ఇరుకు మలుపులో పడవ ఎదురెక్కుతోంది. కుమరకోం దగ్గర, అలెప్పీ హౌస్‌బోట్లు తిరిగే ఈ వేంబనాడు సరస్సులోనే 2002 జులై 27న ప్రయాణికుల పడవ మునిగి 29 మంది పోయారు, అది కూడా తెల్లవారిన తరువాతే. 2023 మే 7న కేరళలోనే తానూరులో 22 మందిని బలిగొన్న పడవ సూర్యాస్తమయం దాటాక కూడా, మోయవలసిన దానికన్నా ఎక్కువ మందితో, నీళ్ళ మీద తిరుగుతున్న పడవ. వీటిలో ప్రాణాలు తీసింది ఎక్కువమందిని ఎక్కించడమో, కదలకూడని సమయంలో కదలడమో. సాయంత్రం కాగానే గట్టుకు కట్టేసే పడవను వీటితో జత కట్టడం సబబు కాదు.

గోదారిగట్టు:
కట్టేసిన పడవలోనూ వంటగ్యాసు ఉంటుంది, వైర్లు ఉంటాయి, జనరేటర్ ఉంటుంది. అర్ధరాత్రి ఏదైనా జరిగితే, మోకాళ్ళ నొప్పులున్న ఆవిడ చీకట్లో లైఫ్‌జాకెట్ ఎక్కడుందో వెతుక్కొని, ఒడ్డుకు వేసిన పలక దాటగలదా? నేను అడుగుతున్నది ఈ ఒక్క ప్రశ్న. మీరు ఇచ్చిన తేదీలు దీనికి జవాబు కావు.

కొచ్చితెలుగు:
ఉద్యోగరీత్యా చాలాకాలంగా ఇక్కడే ఉంటున్నాను కనుక రెండు ముక్కలు. హౌస్‌బోట్లకు మూలం ఒకప్పుడు ధాన్యం మోసిన కెట్టువళ్ళాలు. మేకులు లేకుండా పలకలను కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టి చేసిన పెద్ద పడవలవి. ఇప్పుడున్నవి ఇంకా పెద్దవి. అందుకే అవి వెడల్పు కాలువల్లో, సరస్సులో తప్ప లోపలి సన్నకాలువల్లోకి వెళ్ళలేవు. కుట్టనాడు పల్లెల బతుకు ఉన్నది ఆ సన్నకాలువల్లోనే. వాటిలోకి శికారాలనే చిన్న పడవలు వెళతాయి. ఒడ్డున ఒక ఇంట్లో బస చేసి, పొద్దున్నే శికారాలో రెండు మూడు గంటలు తిరిగితే తక్కువ ఖర్చులో ఎక్కువ చూస్తారు. ఇంకా తక్కువలో కావాలంటే ఆలప్పుళ (అలెప్పీకి ఇక్కడి పేరు) నుంచి కోట్టయం వెళ్ళే ప్రభుత్వ పడవ ఉంది, ఊరిజనంతో కలిసి అదే నీటి మీద వెళ్ళవచ్చు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఈ కాలువల నీటిలోనే గట్టుమీది ఇళ్ళవాళ్ళు గిన్నెలు తోముకుంటారు, స్నానాలు చేస్తారు. వేంబనాడు 2002 నుంచి రామ్‌సార్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమని గుర్తించిన చిత్తడి నేలల జాబితాలో ఉంది. రాత్రంతా వందల పడవలు నిలబడి ఉన్నచోట ఆ మరుగునీరు ఎక్కడికి పోతున్నదో ఆలోచించి, ట్యాంకు ఉన్న పడవనే ఎంచుకోండి.

లెక్కలమాస్టారు:
నేను మొదటి నుంచి చెబుతున్నది ఇదే. శికారా, ఒడ్డున బస. చర్చ ఇక్కడితో ముగించవచ్చు.

నీలిరంగు:
శికారాలో మరుగుదొడ్డి ఉండదు. అడిగినవారి నాన్నగారి విషయం గుర్తుంచుకొని చెప్పండి. హౌస్‌బోట్‌లో ప్రతి గదికీ స్నానాలగది ఉంటుంది.

వరిచేను:
ముగించడానికి వీలులేదండీ, అసలు విషయం ఇంకా మొదలుకాలేదు. మాస్టారు గారు ప్రతి సమాధానంలోనూ కదలని పడవ, కదలని పడవ అంటున్నారు. పగటి విహారం అయిదింటికి ముగిసిన తరువాత ఏమి జరుగుతుందో ఒక్కరైనా రాశారా? సామానంతా మళ్ళీ దింపాలి. ఆటో మాట్లాడాలి. నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకొని హోటలు వెతుక్కోవాలి. అత్తగారికి కింద అంతస్తులో గది దొరుకుతుందో లేదో చూసుకోవాలి, మందులు ఏ సంచిలో ఉన్నాయో తియ్యాలి, రాత్రి భోజనం ఎక్కడన్నది మళ్ళీ ఆలోచించాలి. మా ఇంటి ప్రయాణాల్లో ఇదంతా చేసేది నేనే. మీ ఇళ్ళలో ఎవరు చేస్తున్నారో మీకు తెలుసు. ఆ పడవలో ఒక్క సాయంత్రం, ఒక్క రాత్రి, ఏమి వండాలని గానీ, తువ్వాలు ఎక్కడుందని గానీ ఎవరూ నన్ను అడగలేదు. వండిపెట్టినవారు వేరే ఉన్నారు, సంచులు విప్పిన చోటే ఉన్నాయి. మీరు దండగ అంటున్న గంటలు అవే.

లెక్కలమాస్టారు:
నేను ఇంట్లోవాళ్ళ శ్రమ తెలియని మనిషినన్నట్టు రాయడం మీకు న్యాయం కాదు. వివరం చెప్పవలసి వచ్చింది కనుక చెబుతున్నాను. మా నాన్నగారికి ఫోర్ట్ కొచ్చిలో చీనావలలు చూడాలని ఎంతో కాలంగా కోరిక. మా ప్రయాణంలో రాత్రి బస అందరికీ నచ్చుతుందని అందరూ పట్టుపట్టడంతో ఆ డబ్బంతా పడవకు పెట్టాము. పొద్దున తొమ్మిదింటి వరకు పడవలోనే ఉండిపోయి, ఆపైన రైలు అందుకోవలసి రావడంతో కొచ్చిలో ఆగలేకపోయాము. ఆలప్పుళ నుంచి అది 55 కిలోమీటర్లే. మళ్ళీ ఆయన్ను తీసుకువెళ్ళే అవకాశం నాకు రాలేదు. ఏడాదంతా కూడబెట్టిన డబ్బుతో, అడిగి తెచ్చుకున్న సెలవులో, మళ్ళీ వస్తామో రామో తెలియని చోటికి వెళ్ళినప్పుడు చూడగలిగినంత చూడాలన్నదే నా పట్టుదల. విశ్రాంతి ఇంట్లోనూ దొరుకుతుంది.

వరిచేను:
మీ నాన్నగారి విషయం చదివి మనసు కష్టపడింది. మీ పట్టుదలకు కారణం ఇప్పుడు తెలిసింది. అయినా చివరి వాక్యం దగ్గర మీతో ఏకీభవించలేను. విశ్రాంతి ఇంట్లో దొరికేది కొందరికే. నాకు అది ఇంటి బయట, సామాను విప్పి మళ్ళీ సర్దనవసరం లేని చోటనే దొరుకుతుంది. మీకు ప్రయాణమంటే చూడడం, నాకు ప్రయాణమంటే పని ఆగడం. ఈ చర్చలో మనం ఇంతసేపూ పడవ కదిలిందా లేదా అని వాదించుకున్నాము.

లెక్కలమాస్టారు:
ఒప్పుకుంటాను, మీరు అడిగేది వేరు, నేను అడిగేది వేరు. కానీ డబ్బు రెంటికీ ఒకే సంచిలోంచి వస్తుంది.

పొగమంచు:
ఒక సంగతి ఎవరూ అడగలేదు. మున్నార్ నుంచి ఆలప్పుళ సుమారు 170 కిలోమీటర్లు, అందులో చాలాభాగం ఘాట్ రోడ్డు, అయిదు గంటలకు తక్కువ పట్టదు. పదకొండింటికి పగటి విహారం ఎక్కాలంటే తెల్లవారుజామున బయలుదేరాలి, లేదా ముందురోజు రాత్రే ఆలప్పుళలో గది తీసుకోవాలి. విహారం ముగిశాక ఆ రాత్రికి మళ్ళీ గది. ఆ అద్దెలు కలుపుకొని ధరల తేడా చూడండి.

లెక్కలమాస్టారు:
ఇది సరైన లెక్క. ఒక గది అద్దె, రాత్రి భోజనం, ఉదయం ఫలహారం తీసివేస్తే తేడా చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా పోదు.

చిన్నకెరటం:
అందరికీ ధన్యవాదాలు. రాసినవన్నీ ఇంట్లో చదివి వినిపించాను. శికారా మాట ఎత్తగానే నాన్నగారు వద్దన్నారు, కారణం నీలిరంగు గారు రాసినదే. అమ్మ అడిగింది ఒకటే, మెట్లు ఎక్కనవసరం లేని పడవ దొరుకుతుందా అని. నా భార్య మాత్రం వరిచేను గారి సమాధానం రెండోసారి చదివి ఫోను నా చేతికి ఇచ్చింది. కనుక మున్నార్ నుంచి ముందురోజే దిగి ఆలప్పుళలో ఒక రాత్రి ఆగి, మరునాడు తీరిగ్గా ఒకే అంతస్తు ఉన్న పడవలో రాత్రి బస తీసుకుంటున్నాము. పడవ దిగిన రోజును ఫోర్ట్ కొచ్చికి కేటాయించి, తిరుగు రైలును ఆ మరునాటికి మార్చాను. మాట్లాడుకునేటప్పుడు ఇంకా ఏమి అడగాలో చెప్పండి.

లెక్కలమాస్టారు:
రాత్రి పడవ ఎక్కడ కడతారో చెప్పించి, దాన్ని వాట్సాప్‌లో రాయించుకోండి. పొలం గట్టున, మిగతా పడవలకు దూరంగా అని స్పష్టంగా ఉండాలి. జనవరిలో వేంబనాడు సరస్సు మీది తన్నీర్‌ముక్కం ఆనకట్ట షట్టర్లు మూసి ఉండి ఉప్పునీరు లోపలికి రాదు కనుక గుర్రపు డెక్క దట్టంగా ఉండవచ్చు. పడవ కట్టే చోట అది ఎంత ఉందో అడగండి. ఏసీ వేళలు, మరుగునీటి ట్యాంకు ఉందా లేదా, రెండూ అదే సందేశంలో రాయించుకోండి. డబ్బంతా ముందే ఇవ్వకండి.

కొచ్చితెలుగు:
ఒడ్డు నుంచి పడవకు వేసే పలకకు పట్టుకునే తాడు గానీ కర్ర గానీ ఉందో లేదో అమ్మగారి కోసం అడగండి. స్నానాలగది గడప ఎంత ఎత్తుందో ఫోటో పంపమనండి.

గోదారిగట్టు:
ఎక్కగానే లైఫ్‌జాకెట్లు గదిలోనే పెట్టించుకోండి. పాపకు పిల్లల సైజుది ఉందా అని ఇప్పుడే అడగండి, పెద్దవాళ్ళది వేస్తే ఆ వయసు పిల్లలు అందులోంచి జారిపోతారు.