టాలీలో కాంట్రాక్టు లెక్కలు: ఏ సైట్‌లో మిగిలింది, ఏ సైట్‌లో పోయింది?

కంకర_టిప్పర్ (నల్గొండ):
అందరికీ నమస్కారం. మాది చిన్న సివిల్ కాంట్రాక్టు. ప్రస్తుతం నాలుగు పనులు నడుస్తున్నాయి. రెండు సీసీ రోడ్లు, ఒక స్కూల్లో అదనపు గదులు, ఒక ప్రైవేటు ఇల్లు. టాలీ ప్రైమ్ తీసుకుని ఏడాది దాటింది. పార్ట్‌టైమ్ అకౌంటెంట్ వచ్చి జీఎస్టీ రిటర్నులకు సరిపడా ఎంట్రీ కొట్టి వెళ్లిపోతాడు. మార్చి అయ్యాక మొత్తం మీద లాభం ఎంతో తెలుస్తోంది. కానీ స్కూలు పనిలో మిగిలిందా, లేక దాని నష్టం ఇంటి పని మోసిందా అంటే చెప్పేవాళ్లు లేరు. సైట్ వారీగా లెక్క తీస్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? దీనికి వేరే సాఫ్ట్‌వేర్ కొనాలా?

లెక్కల_బాబాయి (విజయవాడ):
కొనక్కర్లేదు తమ్ముడూ, ఉన్నదే పూర్తిగా వాడట్లేదు. ఎఫ్11 కీ నొక్కితే వచ్చే సెట్టింగుల్లో కాస్ట్ సెంటర్లు (ఖర్చు, ఆదాయం పని వారీగా విడదీసే ఖాతాలు) ఆన్ చేయించు. ఒక్కో పనికి ఒక్కో కాస్ట్ సెంటర్. పేరులో అగ్రిమెంట్ నంబరు ఉండాలి. ఉత్తినే "స్కూలు పని" అని పెడితే వచ్చే ఏడు ఇంకో స్కూలు వచ్చినప్పుడు తికమక.

గోడౌన్లు కూడా సైట్ల పేర్లతోనే తెరువు. సిమెంటు ఎక్కడ దిగితే ఆ గోడౌన్‌లోకే పర్చేజ్. ఒకచోటి నుంచి ఇంకోచోటికి 40 బస్తాలు వెళ్తే ఆల్ట్ ఎఫ్7 కొట్టి స్టాక్ జర్నల్ (సరుకు కదలిక ఎంట్రీ). వాడేసిన సరుకు కూడా వారానికోసారి అలాగే తగ్గించాలి. లేదంటే టాలీలో బస్తాలు నిండుగా కనిపిస్తాయి, సైట్‌లో ఖాళీ సంచులుంటాయి.

"ఆఫీసు" అని ఒక కాస్ట్ సెంటర్ విడిగా పెట్టు. అద్దె, అకౌంటెంట్ జీతం అందులోకి. ఇంటి కిరాణా, పిల్లల ఫీజులు మాత్రం డ్రాయింగ్స్‌లోకే (ఓనరు సొంతానికి తీసుకున్న డబ్బు ఖాతా) పోవాలి, ఏ సైట్ నెత్తినా వేయకూడదు.

ఎక్సెల్_చాలు (రాజమండ్రి):
నాలుగు సైట్లకి ఇంత హడావుడి ఎందుకండీ? నేను టాలీని ఆడిటర్ కోసం ఉంచుకున్నాను. సైట్ లెక్క ఎక్సెల్‌లోనే, ఒక్కో షీటు ఒక్కో పని. టాలీలోకి వచ్చేది బిల్లున్న ఖర్చే. టీలు, డీజిల్, సర్వీ కర్రల అద్దె, పంపు రిపేరు, ఇవన్నీ చీటీల మీదే నడుస్తాయి కదా.

లెక్కల_బాబాయి:
చీటీ ఖర్చు టాలీలోకి రాకూడదని ఎవరన్నారు? సూపర్వైజర్ పేరున ఇంప్రెస్ట్ (చిల్లర ఖర్చులకు ముందుగా ఇచ్చే డబ్బు) లెడ్జర్ తెరిచి, వారం చీటీలు ఇస్తేనే మళ్లీ డబ్బు వేస్తాను. మీ ఎక్సెల్ మీరు ఊళ్లో ఉన్నన్నాళ్లూ బాగానే ఉంటుంది. ఎక్సెల్‌లో లాభం ఒకటి, టాలీలో లాభం ఒకటి వస్తే దేన్ని నమ్ముతారు?

ఓరుగల్లు_సైట్ (హనుమకొండ):
నేను సైట్ ఇంజినీర్‌ని. ఆఫీసులో ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ ఉన్నా చీటీ మీద సైట్ పేరు లేకపోతే అకౌంటెంట్ ఊహించి కొడతాడు. మా దగ్గర సైట్‌కో వాట్సాప్ గ్రూపు ఉంది. టిప్పర్ రాగానే కాటా చీటీ, బండి నంబరు కనిపించేలా ఫొటో పెట్టాలి. ఏ గ్రూపులో పడితే ఆ సైట్ ఖర్చు, అంతే.

ఇసుక, కంకర విషయంలో ఇంకోటి చూడండి. బిల్లులో 20 టన్నులు ఉంటుంది, కాటా మీద 18.6 తూగుతుంది. టాలీలో యాక్చువల్ (నిజంగా వచ్చింది), బిల్డ్ (బిల్లులో రాసింది) క్వాంటిటీలు విడివిడిగా చూపించే ఆప్షన్ ఉంది. స్టాక్‌లోకి 18.6 వెళ్తుంది, డబ్బు 20కి లెక్కవుతుంది. అప్పుడు నిజంగా టన్ను ఎంతకు పడిందో బయటపడుతుంది. మా ఓనరు ఆ రిపోర్టు ప్రింటు తీసుకెళ్లి క్రషర్ వాళ్ల ముందు పెట్టాడు. ఇప్పుడు తూకం చాలావరకు సరిగానే వస్తోంది.

సెంట్రింగ్_సీను (గుంటూరు):
అన్నా, మెటీరియల్ సంగతి సరే, మేస్త్రీల సంగతి? వారం వారం ఖర్చీ (బిల్లుకి ముందు చేతిఖర్చుకిచ్చే డబ్బు) ఇస్తాం. పని కొలిచి బిల్లు వేసేది స్లాబ్ అయ్యాకే. అప్పటిదాకా ఖర్చీ అంతా అడ్వాన్సు కింద ఉంటుంది, ఖర్చులోకి రాదు. కాస్ట్ సెంటర్ చూస్తే సైట్ బ్రహ్మాండంగా లాభంలో ఉన్నట్టు కనిపిస్తుంది. సెంట్రింగ్ మేస్త్రీ బిల్లు పడ్డ రోజున ఒక్కసారిగా పడిపోతుంది.

లెక్కల_బాబాయి:
మంచి పాయింటు. నెలాఖరుకి సైట్ నుంచి సుమారు కొలత తెప్పించి, చదరపు అడుగుల లెక్కన లేబర్ ఖర్చుకి ఒక జర్నల్ వేస్తాను. వచ్చే నెల ఒకటిన దానికి రివర్స్ ఎంట్రీ వేసి రద్దు చేస్తాను. అసలు బిల్లు వచ్చాక మేస్త్రీ లెడ్జర్‌లో ఖర్చీలకు సర్దుబాటు చేస్తాను. బిల్‌వైజ్ (బిల్లు వారీగా బాకీ చూపే ఆప్షన్) ఆన్ చేసి ఖర్చీని "అడ్వాన్స్" కింద కొట్టాలి, ఏ బిల్లుకూ ముడిపెట్టకుండా "ఆన్ అకౌంట్" అని వదిలేస్తే ఏ సైట్‌ది ఎంతో తర్వాత దొరకదు.

ఒకరికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే ఆదాయపు పన్నులో ఆ ఖర్చు ఒప్పుకోరు. ఖర్చీ బ్యాంకులో వేయడమే మేలు.

బిల్లు_పడిందా (కరీంనగర్):
సర్కారు పనుల్లో అందరూ దెబ్బతినేది ఇంకోచోట. బ్యాంకులో పడ్డదాన్నే ఆదాయంగా రాసేస్తారు. ఉదాహరణకి పని విలువ 10,00,000 అనుకోండి. 18 శాతం జీఎస్టీతో 11,80,000. అందులో పట్టుకునేవి చూడండి. సొంత పేరు మీద ఫర్మ్ అయితే ఆదాయపు పన్ను టీడీఎస్ 1 శాతం, అంటే 10,000. జీఎస్టీ టీడీఎస్ 2 శాతం, 20,000. లేబర్ సెస్ 1 శాతం, 10,000. మా అగ్రిమెంట్ ప్రకారం ఎఫ్‌ఎస్‌డీ (బిల్లులోంచి పట్టి ఉంచుకునే సెక్యూరిటీ డిపాజిట్) ఏడున్నర శాతం, 75,000. సీనరేజీ (ఇసుక, కంకర లాంటి ఖనిజాల మీద సర్కారు రుసుము) ఒక 20,000 అనుకుందాం. చేతికి వచ్చేది 10,45,000.

ఈ 1,35,000లో అంతా పోయినట్టు కాదు. ఆదాయపు పన్ను టీడీఎస్ మన ఐటీ రిటర్నులో సర్దుబాటవుతుంది. జీఎస్టీ టీడీఎస్‌ని పోర్టల్‌లో మనం యాక్సెప్ట్ చేస్తేనే క్యాష్ లెడ్జర్‌లోకి వస్తుంది, చాలామంది అదే మర్చిపోతారు. ఎఫ్‌ఎస్‌డీ మన డబ్బే, ఆలస్యంగా వస్తుంది. అసలైన ఖర్చు సెస్, సీనరేజీ. సీనరేజీ కూడా క్వారీ పర్మిట్లు బిల్లుతో జతచేస్తే పట్టుకోకుండా ఆపొచ్చు. అందుకే ఒక్కోదానికి విడి లెడ్జర్ పెట్టి, ఎం బుక్‌లో (డిపార్ట్‌మెంటు కొలతల పుస్తకం) రికార్డయిన మొత్తానికే సేల్స్ ఎంట్రీ కొట్టాలి.

జీఎస్టీ రేటు మారినప్పుడు కూడా జాగ్రత్త. ప్రభుత్వ పనులకు 12 నుంచి 18 అయింది 2022 జూలై 18న. సిమెంటు 28 నుంచి 18కి దిగింది 2025 సెప్టెంబరు 22న. టాలీలో కొత్త రేటు ఏ తేదీ నుంచో వేసుకోవాలి, లేకపోతే పాత బిల్లు తెరిచి సరిచేసినప్పుడు కొత్త రేటు తగిలించేస్తుంది.

ఎక్సెల్_చాలు:
ఈ పర్మిట్ల సంగతి మాత్రం నాకు పనికొస్తుంది. మిగతాదానికి నా షీట్లే నాకు హాయి.

కంకర_టిప్పర్:
అందరికీ థ్యాంక్స్. ముందు స్కూలు పనితో మొదలుపెడతాం, పాత ఓచర్లకు కూడా కాస్ట్ సెంటర్ తగిలించమని అకౌంటెంట్‌కి చెప్పాను, మొహం మాడ్చుకున్నాడు. ఒక డౌటు. సీసీ రోడ్డు ఒకటి అయిపోయింది, ఎఫ్‌ఎస్‌డీ మాత్రం రావాలి. ఆ కాస్ట్ సెంటర్ మూసేయొచ్చా?

బిల్లు_పడిందా:
మూయకండి. అగ్రిమెంట్‌లో రాసిన గడువు లోపల ప్యాచ్ పనులు చేయమంటారు, ఆ ఖర్చు కూడా ఆ రోడ్డు మీదే పడాలి. ఎఫ్‌ఎస్‌డీ లెడ్జర్‌ని డిపాజిట్ల కింద పెట్టి, బిల్‌వైజ్‌లో అగ్రిమెంట్ నంబరు, విడుదల కావాల్సిన తేదీ వేయండి. నెలకోసారి అవుట్‌స్టాండింగ్ (రావాల్సిన బాకీల) రిపోర్టు తీస్తే ఏ డివిజన్ ఆఫీసుకు లెటర్ పెట్టాలో అందులోనే ఉంటుంది.