పూర్ణం, పరిపూర్ణం: 3,35,50,336 ఏ కోవలోకి వస్తుంది?

ప్రశ్న: ఈ సంఖ్యని ఒకచోట పూర్ణాంకం అనీ, మరోచోట పరిపూర్ణ సంఖ్య అనీ చదివాను. రెండూ ఒకటేనా? అయితే ఇది పరిపూర్ణ వర్గం కూడానా?

జవాబు: ఒకటి కావండీ. పూర్ణాంకం అంటే భిన్నం కానిది, అంతే. 0, 1, 2 అని లెక్కపెట్టుకుంటూ పోతే ఎప్పటికో ఈ మూడు కోట్ల ముప్ఫై ఐదు లక్షల యాభై వేల మూడు వందల ముప్ఫై ఆరు కూడా తగులుతుంది. గొప్పంతా ఆ 'పరి'లో ఉంది.

తనని వదిలేసి మిగతా కారణాంకాలన్నీ కూడితే సరిగ్గా తానే వచ్చే సంఖ్య పరిపూర్ణ సంఖ్య. 6కి 1, 2, 3. తర్వాత 28, 496, 8128. ఐదోది ఇదే.

కాగితం మీదే సరిచూడొచ్చు. ఇది 4096 × 8191. 8191 ప్రధాన సంఖ్య, 4096లో ఉన్నవన్నీ రెండ్లే. కాబట్టి కారణాంకాలు రెండు వరసలు: 1, 2, 4 అంటూ 4096 దాకా ఒకటి, 8191, 16382 అంటూ రెట్టింపవుతూ పోయేది ఇంకొకటి. మొదటి వరస మొత్తం 8191. రెండో వరస చివర మన సంఖ్యే ఉంటుంది, దాన్ని వదిలేస్తే మిగతావి 8191 × 4095. దీనికి మొదటి వరస 8191 కలపండి. 4095 సార్లు ఉన్నది 4096 సార్లయింది! ఒకటి మిగల్లేదు, ఒకటి తగ్గలేదు. ఈ కిటుకు యూక్లిడ్ నాటిది. పరిపూర్ణం అన్న మాట ఇంత చక్కగా అతికిన చోటు నాకు ఇంకోటి కనబడలేదు.

పరిపూర్ణ వర్గంలో ఆ మాటకి అర్థం వేరు: వర్గమూలం పూర్ణాంకంగా వస్తుందని. ఈ రెండు పరిపూర్ణాలూ ఒకే సంఖ్యలో కలవనే కలవవు. వర్గ సంఖ్య కారణాంకాలన్నీ దానితో సహా కూడితే ఎప్పుడూ బేసి సంఖ్యే వస్తుంది, 36కి 91 వచ్చినట్టు. పరిపూర్ణ సంఖ్యకి అలా కూడితే తనకి రెట్టింపు, అంటే సరి సంఖ్య వస్తుంది. అందుకే వర్గానికి 'పరిపూర్ణ' తగిలించకుండా వర్గ సంఖ్య అంటే చాలని నా అభిప్రాయం.

మరొకరు: కూడితే తక్కువొచ్చేవి న్యూన సంఖ్యలు, ఎక్కువొచ్చేవి అధిక సంఖ్యలు అంటారు కదా. వెలితి సంఖ్య, మిగులు సంఖ్య, నిండు సంఖ్య అనుకోకూడదా?

జవాబు: వెలితి ఎంత బాగుందండీ! 8కి 1, 2, 4 కూడితే 7, ఒక్కటే వెలితి. 12కి 16 వస్తుంది, నాలుగు మిగులు. నిండు దగ్గరే కాస్త ఆగాను, 'నిండుకుంది' అంటే అయిపోయిందని కదా. కానీ నిండు చంద్రుడు, నిండు మనసు అన్నప్పుడు ఎవరూ తడబడరు. నిండు సంఖ్య కూడా నిలబడుతుంది, నేనైతే ఇవాళ్టి నుంచే వాడతాను.