బటన్ షాడో కోణం మారిస్తే హెడింగ్ షాడో కూడా తిరిగిపోతోంది

కొత్త_లేయర్:
ఫోటోషాప్‌లో లేయర్ ఎఫెక్ట్స్ (పొరలకి నీడ, అంచు గీత లాంటివి వేయడం) ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. ఫోటో మీద ఒక హెడింగ్, కింద ఒక బటన్ ఉన్నాయి, రెండింటికీ డ్రాప్ షాడో ఇచ్చాను. బటన్ షాడో కోణం మారిస్తే హెడింగ్‌ది కూడా మారుతోంది. హెడింగ్‌ని కంట్రోల్+టితో (సైజు మార్చే షార్ట్‌కట్) మూడింతలు చేస్తే నీడ మాత్రం పాత సైజులోనే ఉండిపోయింది. ఇక ఫోటోలో నల్లగా ఉన్నచోట ఒపాసిటీ 100 పెట్టినా నీడే కనిపించదు. రాస్టరైజ్ చేస్తే (అంటే మామూలు పిక్సెల్ బొమ్మగా మార్చేస్తే) అన్నీ సర్దుకుంటాయని చదివాను. చేసెయ్యమంటారా?

పిక్సెల్_పని:
వద్దండీ. రాస్టరైజ్ లేయర్ స్టైల్ కొడితే నీడ అక్షరాల్లో కలిసిపోతుంది. తర్వాత ఒక్క అక్షరం దిద్దాలన్నా మళ్లీ మొదటికే.

కోణం సంగతి: డ్రాప్ షాడోలో యూజ్ గ్లోబల్ లైట్ టిక్ ఉంటే ఫైల్ మొత్తానికీ వెలుగు ఒక్కటే. బటన్ వరకే వేరుగా కావాలంటే ముందు ఆ టిక్ తీసి, తర్వాత కోణం తిప్పండి. తిప్పాక తీస్తే అప్పటికే హెడింగ్ నీడ కదిలిపోయి ఉంటుంది. నన్నడిగితే టిక్ ఉంచడమే మేలు. ఒకే బొమ్మలో రెండు దిక్కుల నీడలు పడితే చూసేవాళ్లకి ఏదో తేడాగా అనిపిస్తుంది.

నీడ ఎంత దూరంలో పడాలో, ఎంత పరుచుకోవాలో చెప్పే డిస్టెన్స్, సైజ్ విలువలు పిక్సెళ్లలో ఉంటాయి. డిస్టెన్స్ 8, సైజ్ 12 ఇస్తే అక్షరం మూడింతలైనా అవి 8, 12గానే ఉంటాయి. లేయర్ పక్కనున్న ఎఫ్ఎక్స్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి, స్కేల్ ఎఫెక్ట్స్‌లో 300 ఇవ్వండి, 24, 36 అవుతాయి. కంట్రోల్+టిలో ఎంటర్ కొట్టకముందే పైన డబ్ల్యూ (వెడల్పు) దగ్గరున్న శాతం చూసి పెట్టుకోండి. ఎంటర్ కొట్టాక ఆ అంకె పోతుంది, తర్వాత ఉజ్జాయింపే గతి.

నల్లటి చోట నీడ కనిపించకపోవడం తప్పేమీ కాదు. డ్రాప్ షాడో మామూలుగా మల్టిప్లై మోడ్‌లో ఉంటుంది, అది కింది రంగుని ముదురు చేస్తుందంతే. నలుపుని ఇంకెంత ముదురు చేస్తుంది? అక్కడ లేత రంగుతో ఔటర్ గ్లో (చుట్టూ వెలుగు) వాడండి.

మాస్క్_మేస్త్రి:
పై జవాబుకి ఒక చేర్పు. సైజు పదే పదే మారుతుందనుకుంటే లేయర్‌ని స్మార్ట్ ఆబ్జెక్ట్ (అసలు లేయర్‌ని లోపల దాచి ఉంచే పొర) చేసేయండి. ఎఫెక్ట్ లోపల ఉండిపోయి, పెంచినా తగ్గించినా నీడ కూడా దాంతోపాటే మారుతుంది. దిద్దాలంటే థంబ్‌నెయిల్ మీద డబుల్ క్లిక్ చేస్తే వేరే ఫైల్‌గా తెరుచుకుంటుంది, అందులో మార్చి సేవ్ చేయాలి. లోపల నీడ బాగా పెంచితే అంచు దగ్గర గీత గీసినట్టు తెగుతుంది. ఆ లోపలి ఫైల్‌లో కాన్వాస్ సైజ్ పెంచితే సరి.

ఇంకో మాట. లేయర్ స్టైల్ కిటికీలో ఎడమవైపు టిక్ పెట్టడం వేరు, పేరు మీద నొక్కడం వేరు. టిక్ పెడితే ఎఫెక్ట్ పడుతుంది గానీ దాని స్లైడర్లు తెరుచుకోవు. స్ట్రోక్‌కి (అంచు చుట్టూ గీతకి) టిక్ పెట్టి, ఎదురుగా ఉన్న షాడో సైజు లాగుతూ కూర్చుంటారు చాలామంది.

కొత్త_లేయర్:
స్కేల్ ఎఫెక్ట్స్‌తో కుదిరింది, థాంక్సండీ. హెడింగ్‌కి 3 పిక్సెళ్ల స్ట్రోక్ కూడా పెట్టాను. అక్షరాలు కుడివైపు మెల్లగా మాయమయ్యేలా లేయర్ మాస్క్‌లో (పొరలో కొంత భాగాన్ని దాచే తెరలో) నలుపు నుంచి తెలుపుకి మెల్లగా మారే గ్రేడియంట్ వేస్తే, అక్షరాలు పలచబడుతున్నాయి గానీ స్ట్రోక్ వాటితో పాటు సరిగ్గా పలచబడటం లేదు.

మాస్క్_మేస్త్రి:
మాస్క్ వేశాక మిగిలిన ఆకారం చుట్టూనే ఫోటోషాప్ స్ట్రోక్ గీస్తుంది, అందుకే అలా. లేయర్ స్టైల్‌లో ఎఫెక్ట్‌ల పేర్లకి పైనున్న బ్లెండింగ్ ఆప్షన్స్‌కి వెళ్లి లేయర్ మాస్క్ హైడ్స్ ఎఫెక్ట్స్ టిక్ పెట్టండి. అప్పుడు స్ట్రోక్ పూర్తి అక్షరానికి పడి, ఆ తర్వాత మాస్క్‌తో కలిసి మాయమవుతుంది.