సైలెన్సర్‌కి చిల్లు పడింది, ఇంట్లోనే మూసుకోవచ్చా?

ప్రశ్న (కాకినాడ నుంచి):
అన్నలూ కొంచెం చెప్పండి, మాది పాత బీఎస్ 4 పెట్రోల్ కారు, నాన్నగారు ఊళ్ళోనే ఆఫీసుకీ మార్కెట్‌కీ తప్ప దూరం తీయరు. ఈమధ్య స్టార్ట్ చేస్తే ట్రాక్టర్‌లా మోత, వంగి చూస్తే వెనక డబ్బా అతుకు దగ్గర తుప్పు తినేసి చిల్లు పడింది. షాపులో మొత్తం మార్చాలంటున్నారు, ఎమ్ సీల్ పెట్టేస్తే ఆగదా? ఇంకోటి, సిగ్నల్ దగ్గర ఆగితే లోపలికి పొగ వాసన వస్తోంది, అమ్మ తలనొప్పి అంటోంది.

జవాబు 1:
తమ్ముడూ, చిల్లు సంగతి తర్వాత, ముందు ఆ తలనొప్పి మాట చూడు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు, తలనొప్పే మొదటి గుర్తు. బాగుచేసేదాకా అమ్మగారినే కాదు ఎవర్నీ ఎక్కించొద్దు. డిక్కీ డోర్ రబ్బరు బీడింగ్ చిరిగిందేమో చూడు, ముందువైపు జాయింట్లో ఇంకో లీకు కూడా ఉండొచ్చు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట, షెడ్డులో మాత్రం వద్దు, స్టార్ట్ చేసి గ్లౌజు వేసుకుని మందపాటి తడిగుడ్డతో వెనక పైపు మూతి రెండు మూడు సెకన్లు అదిమితే లీకున్న చోట బుస్సుమంటుంది, ఇంకొకళ్ళని పక్కన నిలబడి వినమను.

జవాబు 2:
ఎమ్ సీల్ వద్దండి, సైలెన్సర్ వేడికి పగిలి రాలిపోతుంది. స్పేర్ పార్ట్స్ షాపులో సైలెన్సర్ కోసమే అమ్మే పుట్టీ, చుట్టే బ్యాండేజీ అడగండి. వైర్ బ్రష్‌తో గీకితే మెరిసే రేకు రావాలి, తుప్పు మీద పెడితే ఏదీ పట్టదు. స్క్రూడ్రైవర్‌తో చుట్టూ పొడిచి చూడండి, దిగిపోతే ఇక ప్యాచ్ దండగ, డబ్బా మార్చాల్సిందే. అసలు పెట్రోల్ మండితే నీటి ఆవిరి కూడా పుడుతుంది, దగ్గర తిరుగుళ్ళకి డబ్బా సరిగ్గా వేడెక్కదు కాబట్టి ఆ నీళ్ళు లోపలే నిలిచి తినేస్తాయి, పైగా మీకు సముద్రపు గాలి. చాలా డబ్బాలకి అడుగున సన్న కన్నం ఉంటుంది, నీళ్ళు కారడానికి, అది మాత్రం మూయకండి.

కారుతో వచ్చిన జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరొద్దు, దయచేసి. సమంగా ఉన్న నేల, హ్యాండ్ బ్రేక్, నేల మీదున్న చక్రాలకి అడ్డాలు, కింద జాక్ స్టాండ్లు, ఇవి లేకపోతే పని మానేయండి.

జవాబు 3:
వెల్డింగ్ చేయిస్తే డబ్బా విప్పి బయట చేయించండి, పెట్రోల్ ట్యాంక్ అక్కడే ఉంటుంది. బోల్టులకి ముందురోజు రాత్రే డబ్ల్యూడీ 40 (తుప్పు పట్టిన బోల్టులు వదులయ్యే స్ప్రే) కొట్టి వదిలేయండి, లేదంటే విరుగుతాయి. విప్పాక గ్యాస్కెట్ (జాయింట్ మధ్య లీకు కాకుండా వేసే రింగు) కొత్తది వేయండి. ఎవరన్నా కన్వర్టర్ (పొగలో విషం తగ్గించే భాగం) తీసేసి ఉత్త పైపు వేస్తాం చవకలో అయిపోద్ది అంటే ఒప్పుకోవద్దు, అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలుంటాయి, అందుకే దాని మీద కన్ను. అది లేకపోతే పొగ మరీ విషం.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నలూ. పొడిస్తే స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోయింది, ముందు జాయింట్ దగ్గర కూడా బుస్సుమంటోంది. ప్యాచ్ ఆలోచన మానేశా, డబ్బా, గ్యాస్కెట్, రబ్బరు హ్యాంగర్లు కొత్తవి వేయిస్తున్నా, డిక్కీ బీడింగ్ కూడా. అప్పటిదాకా అమ్మ ఆటోలో వెళ్తుంది.