మేక్ నడుస్తుండగా కొట్టిన కమాండ్ తెర మీద రెండుసార్లు ఎందుకు కనిపిస్తోంది?

కొత్త_కంపైలర్:
ఉబుంటులో బ్యాష్ (కమాండ్లు తీసుకుని నడిపే షెల్) వాడుతున్నాను. మేక్ (ప్రోగ్రామ్‌ని కంపైల్ చేయించే కమాండ్) నడుస్తుంటే ఖాళీగా కూర్చోబుద్ధి కాక తర్వాతి కమాండ్ కొట్టేస్తుంటాను. ఆ అక్షరాలు వార్నింగుల మధ్యలో ఇరుక్కుంటాయి. మేక్ అయిపోగానే ప్రాంప్ట్ పక్కన అదే కమాండ్ మళ్లీ వస్తుంది. నడిచేది మాత్రం ఒక్కసారే. పైబాణం నొక్కితే ఇంకా వింత, ఏవో బ్రాకెట్లు పడతాయి కానీ చివరికి పాత కమాండ్ సరిగ్గానే వస్తుంది. ఇది టెర్మినల్ బగ్గా?

పాత_వ్యాక్స్_మనిషి:
బగ్ కాదు బాబూ. మొదటిసారి చూపించేది కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ), రెండోసారి చూపించేది బ్యాష్.

నువ్వు మీట నొక్కితే టెర్మినల్ విండో ఆ అక్షరాన్ని తనంతట తాను గీయదు, కెర్నెల్‌లోని టీటీవై డ్రైవర్‌కి (టెర్మినల్‌ని చూసుకునే భాగానికి) పంపుతుంది. ఎకో (కొట్టిన అక్షరాన్ని తెర మీద చూపించడం) ఆన్‌లో ఉంటే డ్రైవర్ దాన్ని అప్పటికప్పుడే తెరకు తిప్పి కొడుతుంది. ఎవరైనా చదువుతున్నారా లేదా అన్నది దానికి అనవసరం. ఆ క్షణంలో మేక్ ఏం రాస్తుంటే దాని మధ్యలో పడుతుంది. అక్షరం మాత్రం ఇన్‌పుట్ క్యూలో భద్రంగా ఉంటుంది. లినక్స్‌లో ఆ క్యూ 4096 బైట్లు.

మేక్ ముగిశాక బ్యాష్‌లో కమాండ్ లైన్‌ని చదివే భాగమైన రీడ్‌లైన్ కెర్నెల్ ఎకోని ఆపేసి, క్యూలో ఉన్నవన్నీ చదివి, ప్రాంప్ట్ పక్కన తానే గీస్తుంది. పైబాణం అంటే మూడు బైట్లు, మొదటిది ఎస్కేప్. కెర్నెల్‌కి బాణం సంగతి తెలియదు, ఎస్కేప్‌ని ^[ అని చూపించి ఊరుకుంటుంది. రీడ్‌లైన్‌కి తెలుసు, అందుకే హిస్టరీ తీస్తుంది.

నమ్మకం కుదరకపోతే రీడ్‌లైన్ లేని చిన్న షెల్ డ్యాష్ తెరిచి, పది సెకన్లు ఆగే స్లీప్ 10 ఇచ్చి, అది ముగిసేలోపు ఫైళ్ల పేర్లు చూపే ఎల్ఎస్ కొట్టి ఎంటర్ నొక్కి చూడు.

నేను పని నేర్చుకున్నది వ్యాక్స్ అనే పాత కంప్యూటర్ మీద, దాని ఆపరేటింగ్ సిస్టమ్ వీఎంఎస్‌తో. అక్కడ ముందుగా కొట్టింది వెంటనే కనిపించేది కాదు, ప్రోగ్రామ్ చదవబోయినప్పుడే తెర మీదకొచ్చేది. ప్రాంప్ట్, పక్కన కమాండ్, కింద జవాబు, అన్నీ వరుసలో. మామూలుగా 78 అక్షరాల బఫర్, నిండితే బెల్ మోగేది. టాప్స్-20 అనే మరో పాత ఆపరేటింగ్ సిస్టమ్‌దీ ఇదే దారి. యూనిక్స్ పద్ధతిలో (లినక్స్‌దీ అదే) తప్పు కొడితే అప్పుడే తెలుస్తుంది, ఆ మేలు ఒప్పుకుంటాను. అయినా నా ఓటు వీఎంఎస్‌కే. ఏ కమాండ్‌కి ఏ జవాబు వచ్చిందో తర్వాత తెర చూసినవాడికి తెలియాలి కదా.

రాత్రి_డ్యూటీ_అడ్మిన్:
అన్నగారు చెప్పింది కరెక్ట్. ఒక్క జాగ్రత్త కలుపుతాను. క్యూలో ఉన్నది బ్యాష్‌కే చేరుతుందని లేదు, ముందు ఎవరు చదివితే వాళ్లది. ఎస్ఎస్‌హెచ్‌తో అవతలి మెషీన్లో ఏదైనా నడిపిస్తుంటే మీరు కొట్టింది అటు పోతుంది. అలా పోకుండా ఎస్ఎస్‌హెచ్‌కి మైనస్ ఎన్ ఆప్షన్ ఇవ్వండి. ఫైళ్లు తీసేయనా అని అడిగే స్క్రిప్టుకి ముందే కొట్టిన వై జవాబైపోతుంది. సూడో (అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపేది) అడిగే పాస్‌వర్డ్ అయితే అసలు ముందే కొట్టకండి. ప్రాంప్ట్ రాకముందు ఎకో ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి పాస్‌వర్డ్ తెర మీద బయటపడుతుంది. కంట్రోల్-సీ కొడితే క్యూ ఖాళీ అవుతుంది.

కొత్త_కంపైలర్:
డ్యాష్‌లో చూశానండీ. ఎల్ఎస్ ఒక్కసారే, పైన పడింది. ప్రాంప్ట్ పక్కన ఏమీ లేకుండా ఫైళ్ల పేర్లు వచ్చేశాయి! బ్యాష్‌లో వీఎంఎస్ లాగా చేసుకోవచ్చా?

పాత_వ్యాక్స్_మనిషి:
దాదాపుగా. టెర్మినల్ సెట్టింగులు మార్చేది ఎస్‌టీటీవై కమాండ్. ఎస్‌టీటీవై మైనస్ ఎకో, మేక్, ఎస్‌టీటీవై ఎకో, ఈ మూడూ సెమీకోలన్లతో ఒకే లైన్లో ఇవ్వు. మేక్ నడిచినంతసేపూ కొట్టింది కనపడదు, చివర్లో ప్రాంప్ట్ పక్కన ఒక్కసారే వస్తుంది. మధ్యలో కంట్రోల్-సీ కొడితే మూడోది నడవకపోవచ్చు. అప్పుడు అక్షరాలు కనపడకపోయినా ఎస్‌టీటీవై ఎకో అని కొట్టి ఎంటర్ నొక్కు.