253 మటిల్డా: కనుక్కున్నది 1885లో అయితే పేర్లలో 1915, 1949 ఎందుకున్నాయి?

ప్రశ్న:
అంగారకుడికీ గురుడికీ మధ్య ఉన్న ప్రధాన పట్టీలోని గ్రహశకలం 253 మటిల్డాను యోహాన్ పలీసా వియన్నాలో 1885 నవంబర్ 12న కనుక్కున్నారు. కానీ కేటలాగ్‌లో దాని పక్కనే 1949 ఓఎల్1, ఏ915 టీఎన్ అనే పేర్లు కనిపిస్తున్నాయి. ఇవేంటి? ఇంకో సందేహం: హెచ్ (శకలం అసలు ప్రకాశాన్ని చెప్పే సంఖ్య) విలువ 10.3 అని ఉంది. దాంతో శకలం వ్యాసం (అడ్డు కొలత) లెక్క కట్టొచ్చా?

సమాధానం 1:
ఆ రెండూ తాత్కాలిక పేర్లండీ. 1915లోనూ 1949లోనూ ఎవరికో ఇదే శకలం కంటబడితే కొత్తదనుకున్నారు, ఈ పేర్లు అలా వచ్చాయి. తర్వాత కక్ష్య లెక్కలు కలిసి, అది మటిల్డాయే అని తేలింది.

పేరు చదవడం తేలికే. మొదటి అక్షరం అర్ధమాసం: జనవరి 1-15 ఏ, 16-31 బీ, అలా వరసగా. ఐ, జెడ్ వాడరు. కాబట్టి ఓ అంటే జులై 16-31. రెండో అక్షరం ఆ అర్ధమాసంలో వరస. ఇక్కడా ఐ లేదు కనక ఎల్ 11వది. 25 అక్షరాలూ అయిపోతే మళ్లీ ఏ నుంచి మొదలుపెట్టి 1 తగిలిస్తారు. 25 + 11 = 36, అంటే ఆ అర్ధమాసంలో 36వ పేరు. ఐ వదిలేయడం మర్చిపోతే లెక్క ఒకటి తప్పుతుంది, చాలామంది జారేది అక్కడే. ఏ915 అంటే 1915, మొదటి అంకె 1 బదులు ఏ పెట్టారు. 1925కి ముందు పరిశీలనలకి ఇలా రాస్తారు.

సమాధానం 2:
వ్యాసానికి హెచ్ ఒక్కటే చాలదు, ఆల్బిడో (పడిన వెలుతురులో ఎంత భాగాన్ని తిరగ్గొడుతుందో చెప్పే సంఖ్య) కావాలి. 1329ని ఆల్బిడో వర్గమూలంతో భాగించి, 10 ఘాతం (−హెచ్/5)తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. మటిల్డా ఆల్బిడో 0.044, బొగ్గులా నలుపు. లెక్క వేస్తే 55 కి.మీ. రాతి రకమనుకుని 0.2 పెట్టారంటే 26కి పడిపోతుంది! హెచ్‌లో 0.3 పొరపాటు పడినా వ్యాసం 15 శాతం దాకా మారిపోతుంది.

1997 జూన్ 27న నాసా వారి నియర్ అంతరిక్ష నౌక 1,212 కి.మీ. దూరం నుంచి దాటుతూ కొలిస్తే సగటు వ్యాసం 53 కి.మీ. తేలింది. నౌక దారి ఎంత వంగిందో చూసి ద్రవ్యరాశి కూడా కట్టారు. సాంద్రత ఘన సెంటీమీటరుకి 1.3 గ్రాములే, అంటే లోపల సగం దాకా ఖాళీ ఉండాలి. దాని బిలాలకు బొగ్గు గనుల ప్రాంతాల పేర్లు పెట్టారు: కారూ, దామోదర్ అలా వచ్చినవే.

సమాధానం 3:
భ్రమణం సంగతీ చెప్పాలి. మటిల్డా ఒక చుట్టు తిరగడానికి దాదాపు 418 గంటలు, అంటే 17.4 రోజులు. రాత్రి ఆరు గంటలు ఫొటోమెట్రీ (ప్రకాశాన్ని కొలవడం) చేసినా చుట్టులో ఒకటిన్నర శాతం కూడా రాదు, ప్రకాశం గీత చదునుగా కనిపిస్తుంది. దాన్ని చూసి గోళాకారం అనుకోవద్దు.

శకలం రోజూ జరుగుతుంది కనక దాని ప్రకాశాన్ని పోల్చి చూసే నక్షత్రాలూ మారుతుంటాయి. అన్నీ ఒకే కేటలాగ్ మాగ్నిట్యూడ్‌లకు (ప్రకాశ విలువలకు) కట్టకపోతే రాత్రికీ రాత్రికీ మధ్య మెట్టు పడుతుంది, అదే భ్రమణమని పొరబడతారు. ముందు ప్రతి కొలత నుంచి సూర్యుడి దూరం, భూమి దూరం గుణించి, ఆ లబ్ధం లాగ్‌కి 5 రెట్లు తీసేయండి, ఆ తర్వాత ఫేజ్ కోణం (శకలం దగ్గర సూర్యుడికీ భూమికీ మధ్య కోణం) సవరణ. పొడవాటి శకలానికి ప్రకాశం గీతలో చుట్టుకి రెండు శిఖరాలు వస్తాయి. ఒకటే అనుకుంటే వచ్చే జవాబు సరిగ్గా సగం.