ఇంటిపేరు తాళ్లపాక: ఈ రికార్డులన్నీ ఒకే కుటుంబానివా?

నమస్కారమండీ, మాది తిరుపతి. ఇంటిపేరు తాళ్లపాక అనగానే అందరూ 'అన్నమయ్య వంశమా!' అంటారు, మా నాన్న కూడా కాదనడు, కానీ మా గోత్రం భారద్వాజ కాదు, అక్కడే నాకు అనుమానం. రాజంపేట దగ్గరి తాళ్లపాక నుంచి వలస వచ్చిన ఎవరికైనా ఈ పేరు పడి ఉండొచ్చు కదా.

మా అవ్వ ట్రంకుపెట్టెలో ఒక భూమి దస్తావేజు దొరికింది. జిల్లా ఉత్తర ఆర్కాడు అని ఉంది, అంటే 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందుది. రాసిచ్చినాయన ఇంటిపేరు చదవగలుగుతున్నా, అసలు పేరు సరిగ్గా మడతలో చిరిగిపోయింది, నా ఖర్మ!

ఇటు చూస్తే టీటీడీ అచ్చువేసిన శాసనాల్లో అన్నమయ్య కొడుకు పెద తిరుమలాచార్యులు, రాగిరేకుల మీద సంకీర్తనలు, రాతప్రతుల పట్టికల్లో ఇంకొందరు తాళ్లపాకవారు. తాత పేరే మనవడికి పెట్టేస్తారు కాబట్టి ఎవరు ఎవరో తేలక తల తిరుగుతోంది.

1911కి ముందు చిత్తూరు వైపు ఇనాం రిజిస్టర్ల (దానంగా ఇచ్చిన భూముల పాత రికార్డుల) కోసం చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌కి వెళ్లాలా, ఇక్కడ కలెక్టరేట్‌లోనే దొరుకుతాయా? నకళ్లు తీయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే అర్జీలో ఏం రాశారో కాస్త చెప్పండి. సర్వే నంబరు లేదు, ఊరి పేరు మాత్రం ఉంది.